దూదిని టేపుతో కొలిచిన రోజు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర, సైన్సు చదివి డిగ్రీ పుచ్చుకున్న ప్రతివాడికీ ఒక జబ్బు ఉండేది. ప్రపంచమంతా తన ఎదుట పరీక్ష రాయడానికి కూర్చున్నదనీ, తాను ఎర్రసిరా కలం పట్టుకొని వరుసల మధ్య తిరుగుతున్నాననీ అనుకోవడం ఆ జబ్బు లక్షణం. నాలో అది బాగా ముదిరింది. మా చిన్నాయన కొత్త చేతిగడియారం నీళ్లలో పడ్డా ఆగదని కొట్టువాడు చెప్పాడని సంబరపడితే, నేను దాన్ని చెంబులో వేసి చూశాను (ఆగింది). మిఠాయి దుకాణంలో స్వచ్ఛమైన నెయ్యి అన్న బోర్డు చూసి ఒక లడ్డూను వేడినీళ్లలో కలిపి, తేలిన దాన్ని వడగట్టి, దుకాణదారుడి దగ్గరికే పట్టుకుపోయాను. ఊళ్లో నాకు స్నేహితులు తక్కువగా ఉండేవారని వేరే చెప్పనక్కరలేదు. నిజం చెప్పేవాడి చుట్టూ జనం మూగరని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి. ఆ ఓదార్పును మాత్రం ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు.

గడియారం పోయిన కోపం చల్లారాక మా చిన్నాయనే నన్ను సూర్యాపేటలో హైవే పక్కనున్న ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా పెట్టించాడు. కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఆ ఆఫీసుకు శాఖలుండేవి. పని తేలికే. సరుకు వస్తుంది, దాని వివరాలు బిల్టీ అనే కాగితం మీద రాయాలి, ఆ కాగితం సరుకుతోపాటు పోతుంది, అవతలి ఊళ్లో దాన్ని చూసి సరుకు అప్పగిస్తారు. ఇనుము, సిమెంటు వంటి వాటికి బరువును బట్టి కిరాయి. బుట్టలు, చాపలు, ప్లాస్టిక్ బిందెల వంటి తేలిక సరుకులకు మాత్రం అవి లారీలో ఎంత చోటు తింటాయో చూసి కిరాయి వేయాలి. ఈ రెండో లెక్క దగ్గరే, నా దృష్టిలో, సూర్యాపేట నాగరికత నిలిచిపోయింది.

అక్కడి పెద్ద గుమాస్తాను మేమంతా ముడుల మామ అనేవాళ్లం. ఆయన దగ్గర జానకొక ముడి వేసిన నులక తాడు ఉండేది. సరుకు రాగానే ఆయన దాని మీద మోకాలు ఆనించి, తాడును పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చుట్టి, పళ్లు బిగబట్టి లాగి, ముడులు లెక్కపెట్టి, కళ్లు మూసుకొని ఒక అంకె చెప్పేవాడు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, "ముప్పయ్యేండ్ల సంది గిట్లనే వస్తున్నది" అనేవాడు. ముప్పయ్యేళ్లుగా చేస్తున్న తప్పు ముప్పయ్యేళ్ల అనుభవంగా ఎలా మారుతుందో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు. మా యజమాని సేటు ఎదుటే ఒకనాడు పలక మీద రెండు పెట్టెలు గీశాను. ఒకటి అడ్డంగా కోస్తే రెండడుగులకు రెండడుగులు, మరొకటి మూడడుగులకు ఒకటి. రెంటి చుట్టుకొలతా ఎనిమిది అడుగులే, తాడుకు రెండూ ఒకటే. కాని మొదటిదాని కోత నాలుగు చదరపుటడుగులు, రెండోదానిది మూడు. "అంటే ఈ తాడు నాలుగుకూ మూడుకూ తేడా తెలియని తాడు" అన్నాను. సేటు పలకవైపు చూశాడు, తాడువైపు చూశాడు, చివరకు మామవైపు చూశాడు. మామ తాడు చుట్టుకొని, "పలక మీద సరుకు పెట్టి కోదాడకు తోలుదమా" అని మాత్రం అన్నాడు.

నా అదృష్టమో దురదృష్టమో, ఆ వారంలోనే మిర్యాలగూడ బియ్యం మిల్లుకు ఒక రేకుల గరాటు బుక్ అయింది. ధాన్యం పోసే గరాటు అది, పైన మూతి లారీ వెడల్పంత, కింద గొంతు బిందెంత. మామ అలవాటు ప్రకారం తాడును గరాటు నడుముకు చుట్టాడు. ఎక్కించేసరికి ఆ మూతి సగం లారీని మింగింది, మరో ముగ్గురి సరుకు ఇక్కడే నిలిచిపోయింది. ఆ సాయంత్రం సేటు నాకు టీ తెప్పించాడు. మర్నాడు నేను దళసరి అట్ట మీద అన్ని ఆకారాల సరుకులకూ ఘనపరిమాణ సూత్రాలు గుండ్రటి అక్షరాలతో రాసి గోడకు వేలాడదీశాను, నకళ్లు రెండు శాఖలకూ పంపాను. నియమాల్లో మొదటిది నాకింకా కంఠస్థం: "నగ్గుల సంఖ్యను నమ్మరాదు. ఘనపరిమాణమునే నమ్మవలెను." (నగ్గు అంటే ఒక మూట గాని, పెట్టె గాని, ఏదో ఒక శాల్తీ. గ్రాంథికంలో రాస్తే నియమానికి బరువు వస్తుందని నాకెవరు చెప్పారో గుర్తు లేదు.)

అట్ట వేలాడదీసిన పది రోజులకు, జూన్ నెల ఎండలో, పరుపులవ్వ వచ్చింది.

దూది ఏకి పరుపులు కుట్టడం ఆమె ఇంటి పని. భర్త పోయినప్పటినుంచి ఇద్దరు కోడళ్లతో కలిసి ఆమే నడుపుతోంది. కోదాడలో కొత్తగా తెరవబోతున్న ఒక హాస్టలుకు నూట ఇరవై పరుపులు కుట్టే పని ఆమెకు దొరికింది. అంత పెద్ద పని ఆ ఇంటికి మునుపెన్నడూ రాలేదు. ఎండాకాలమంతా ముగ్గురూ దుమ్ములో కూర్చొని కుట్టారు. తెల్లవారితే పిల్లలు వస్తారు. వార్డెను ఒకటే షరతు పెట్టాడు: ఆ సాయంత్రం ఆరింటిలోగా పరుపులు గదుల్లో ఉండాలి, లేకుంటే విజయవాడ వ్యాపారి రబ్బరు పరుపులు దింపడానికి సిద్ధంగా ఉన్నాడు, నమూనా అప్పటికే వార్డెను గదిలో ఉంది. వెనక్కి వస్తే నూట ఇరవై పరుపులు సూర్యాపేటలో ఎవరు కొంటారు? ఇదంతా ఆమె నాకు ఆ ఉదయమే చెప్పింది. నేను విన్నాను కూడా. వింటూనే టేపు తీశాను.

పరుపులు చుట్టలుగా చుట్టి ఉన్నాయి. చుట్ట పొడవు మూడడుగులు, అడ్డుకొలత అడుగూ, ఇంకో అడుగులో పదింట ఎనిమిది వంతులూ. స్థూపం సూత్రం వేశాను. ఒక్కో చుట్ట ఏడున్నర ఘనపుటడుగుల పైచిలుకు, మొత్తం తొమ్మిది వందల పదహారు. గుండ్రటి చుట్టల నడుమ ఖాళీలు మిగులుతాయని గుర్తుంచుకొని (ఈ జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను) నూటికి పది కలిపితే చుట్టకు ఎనిమిదీ పాయింటు నాలుగు. లారీ తొట్టి పదిహేడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, వెరసి ఏడు వందల పద్నాలుగు. భాగిస్తే సరిగ్గా ఎనభై ఐదు. శేషం సున్నా. శేషం సున్నా వచ్చిన లెక్క తప్పు కావడానికి వీల్లేదని ఆ వయసులో నా గట్టి నమ్మకం.

"అవ్వా, ఒక్క లారీలో ఎనభై ఐదే పడతాయి. మిగిలిన ముప్పై ఐదు రేపు పంపుదాం. లారీలన్నీ మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఉన్నాయి, ఇవాళ రెండోది దొరకదు."

"రేపెందుకయ్యా నాకు. రేపు పిల్లలొస్తరు. ముప్పై అయిదు మందిని నేల మీద పండుకోబెడ్తడా ఆయన? రబ్బరోణ్ణి పిలుస్తడు, నాయి మొత్తం వాపస్ పంపుతడు."

"నేనేం చేయను, లెక్క అలా వచ్చింది."

"జర మల్ల సూడు సారూ."

రెండోసారి చేసి చూపించాను. వ్యాసార్థం అంటే ఏమిటో, దాన్ని దానితోనే ఎందుకు గుణించాలో, ఎండలో నిలబడ్డ ఆ ముగ్గురు ఆడవాళ్లకూ బలపంతో గీసి మరీ చెప్పాను. పరుపులవ్వ చివరిదాకా ఓపిగ్గా విని, తమలపాకు ఒక బుగ్గనుంచి మరో బుగ్గకు మార్చింది.

"ఒక్కమాట అడుగుత, కోపం జేయకు. నువ్వు దూదిని కొలుస్తున్నవా, దూదిల ఉన్న గాలిని కొలుస్తున్నవా?"

"గాలికి కూడా ఘనపరిమాణం ఉంటుందవ్వా" అన్నాను. (ఆ వాక్యంలో తప్పేమీ లేదు. నేను మాట్లాడిన వాక్యాల్లో తప్పు ఎప్పుడూ ఉండేది కాదు.)

"ఉంటే ఉండనియ్. గాలికి కోదాడల ఏం పని? దాన్ని గీడనే దించిపోదం."

హమాలీలు నవ్వారు. నేను నవ్వలేదు. సేటువైపు చూస్తే ఆయన గోడమీది అట్టవైపు చూశాడు. పదిరోజులుగా వచ్చినవారందరికీ దాన్ని చూపించుకుంటున్న మనిషి, ఇప్పుడు కాదనలేకపోయాడు. పరుపులవ్వ ముడుల మామను అడిగింది, "నువ్వన్న చెప్పయ్యా, ఎన్నేండ్ల సంది సూస్తున్నవ్ నా సరుకు." మామ దినపత్రిక మడిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "నన్నెందుకు అడుగుతవ్ అవ్వా. నాకు తాడు తప్ప ఏం తెల్వదు. గోడమీద రాసున్నది, సదివించుకో." అంతటి తీరుబడైన పగ తీర్చుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఒక ముసలామె పని పోతుంటే పగ తీర్చుకోవడం ఎంత అల్పమైన పనో ఆయనకు తోచలేదు. నాకు మాత్రం తోచింది, ఆయన విషయంలో.

చిక్కు విప్పింది పెద్ద కోడలు. "ఈయనతోటి ఏం మాట అత్తా. పొద్దు పోతున్నది. ఎక్కియ్యమను, ఎన్ని పడితె అన్ని." ప్రయోగానికి నేనెప్పుడూ అడ్డు చెప్పను. లారీ పక్క చెక్క మీద సుద్దముక్కతో పెద్దగా 85 అని రాసి, పుస్తకం పట్టుకొని నిలబడ్డాను.

హమాలీలు ఒక వరస పేర్చగానే కోడళ్లిద్దరూ కొంగులు దోపుకొని తొట్టిలోకి ఎక్కి, ఆ వరసను ఈ చివరినుంచి ఆ చివరిదాకా తొక్కారు. తర్వాత రెండో వరస, మళ్లీ తొక్కుడు. హమాలీ మేస్త్రి కిందినుంచి, "తొక్కమ్మా తొక్కు, సారు లెక్క గీడనే ఉన్నది, దాన్ని గూడ తొక్కు" అంటున్నాడు. గుండ్రటి చుట్టలు పలకలుగా అయిపోతున్నాయి. నేను నూటికి పది చొప్పున వదిలిన ఖాళీలు ఏమయ్యాయో వెతికాను, ఒక్కటీ లేదు. ఎనభై ఐదో చుట్ట పడ్డాక మేస్త్రి పని ఆపించి, "సారూ, ఖతమా?" అని అడిగాడు. టేపు వేసి చూస్తే తొట్టిలో సరుకు మూడడుగుల పది అంగుళాల ఎత్తుంది. నూట ఇరవయ్యోది పడ్డాక కూడా చెక్క ఏడంగుళాలు పైనే ఉంది. పరుపులవ్వ మెల్లగా అంది, "ఇంక జాగ ఉన్నది. కావాల్నంటె నువ్వు గూడ ఎక్కు."

ఎక్కవలసే వచ్చింది. సేటు నా ముఖం చూడకుండా, "పో, నువ్వే పోయి గాడ అప్పజెప్పి రా" అన్నాడు. బిల్టీలో ఘనపరిమాణం గడి నింపాలి. తొమ్మిది వందల పదహారు రాస్తే ఏడు వందల పద్నాలుగు పట్టే లారీలో అది ఎలా పట్టిందని ఎవడైనా అడుగుతాడు. అందుకని లారీ కొలతే సరుకు కొలతని తేల్చి 714 అని రాశాను. సైన్సు చదివినవాడు సిగ్గుపడవలసిన తీర్మానం అది. సిగ్గుపడే తీరిక అప్పుడు లేదు.

పరుపులవ్వా నేనూ క్యాబినులో, కోడళ్లిద్దరూ పరుపుల పైన కూర్చొని కోదాడ చేరేసరికి నాలుగైంది. ప్రతి లారీ ముందు శాఖ ఆవరణలో ఆగాలి. పదింటికొకటి చొప్పున నగ్గులు దించి కొలిచి, బిల్టీతో సరిపోతేనే సరుకు గేటు దాటాలి. ఈ నియమం కూడా నా అట్టమీదిదే, నాలుగోది. అక్కడి గుమాస్తాను అందరూ చిత్తంగారనేవారు, ఏం చెప్పినా "చిత్తమండి" అనే మనిషి. నా అట్టను ఆయన పటం కట్టించి పెట్టాడు. ఆంధ్ర సరిహద్దు మర్యాదతో నాకు కుర్చీ వేసి, పన్నెండు చుట్టలు దింపించాడు. లారీలో ఊపిరి బిగబట్టుకున్న చుట్టలు నేలమీద పడగానే ఒళ్లు విరుచుకొని పొద్దుటి గుండ్రటి ఆకారంలోకి వచ్చేశాయి. ఆయన నా సూత్రంతోనే, నేను నేర్పినట్లే, అణువంత పొరపాటు లేకుండా కొలిచి, పదితో గుణించి, కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"తమరు రాసింది ఏడు వందల పద్నాలుగండి. నాకు తొమ్మిది వందల పదహారు వస్తోందండి. రెండు వందల రెండు అడుగుల సరుకు బిల్టీ లేకుండా మునగాల దగ్గర ఎక్కించారాండి?"

దారిలో దొంగసరుకు ఎక్కించడం మా వ్యాపారంలో క్షమించరాని నేరం. ఆ నేరం నామీదికే వచ్చింది, అదీ నా సూత్రంతోనే రుజువై.

"అది సరుకు కాదండీ" అన్నాను. "మీరు దూదిని కొలవడం లేదు. దూదిలో ఉన్న గాలిని కొలుస్తున్నారు."

పరుపులవ్వ నావైపు చూసింది. ఆ మాట తనదని ఆమె అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"గాలికి కూడా ఘనపరిమాణం ఉంటుంది కదండీ" అన్నాడు చిత్తంగారు, ఎంతో వినయంగా.

ఇక నాకు మిగిలింది ప్రయోగమే. చుట్ట విప్పించి, ఆవరణ నడుమ పరుపు పరిపించి, దానిమీద వెల్లకిలా పడుకొని, "ఇప్పుడు కొలవండి, మందం ఎంత తగ్గిందో చూడండి" అన్నాను. ఆయన వంగి కొలిచాడు, నిజంగానే తగ్గింది. తర్వాత ఒక లావుపాటి హమాలీని పడుకోబెట్టి మళ్లీ కొలిచాడు. ఇంకా తగ్గింది. ఆయన రెండంకెలూ రాసుకొని అడిగాడు, "ఎవరి బరువు దగ్గర కొలవమంటారండి? తమరిదా, ఈయనదా? అట్టమీద రాయలేదండి."

నా జీవితంలో నన్ను అడిగిన మొట్టమొదటి నిఖార్సైన శాస్త్రీయ ప్రశ్న అది. అడిగినవాడు సూర్యాపేట మేధావి కాడు, పట్నం ప్రొఫెసరూ కాడు, చెప్పినదంతా నమ్మే ఒక కోదాడ గుమాస్తా. హమాలీ లేచిన పరుపుమీద మళ్లీ పడుకొని ఆకాశం చూశాను.

"బిడ్డా, అయిదు గొట్టింది" అంది పరుపులవ్వ. ఉదయంనుంచి సారూ అన్న మనిషి బిడ్డా అనడం గమనించి లేచి కూర్చున్నాను. ఆమె చిత్తంగారివైపు తిరిగింది. "అయ్యా, కాయితంల ఎన్ని రాసున్నయి?"

"నూట ఇరవై నగ్గులమ్మా."

"లెక్కబెట్టు. నూట ఇరవై ఉంటె ఇడిసిపెట్టు. ఒక్కటెక్కువున్నా నన్ను పట్టుకపో."

"మంచిమాటేనమ్మా. కాని సంఖ్యను నమ్మరాదని మొదటి నియమం ఉందమ్మా" అంటూ ఆయన పటం దించి తెచ్చి నాముందు పెట్టాడు. నా గుండ్రటి అక్షరాలు అద్దంలోంచి నన్ను చూశాయి. వాటిని అంత అసహ్యించుకోవడం అదే మొదలు. మేకులు ఊడదీయించి, అట్ట బయటికి లాగి, మొదటి నియమాన్ని అడ్డంగా కొట్టేశాను. "సంతకం కూడా చేయండి" అన్నాడాయన. చేశాను. "తేదీ అండి." వేశాను. "హోదా కూడా రాస్తే బాగుంటుందండి." రాశాను. అప్పుడు లెక్కపెట్టించాడు. నూట ఇరవై.

లారీ హాస్టలు చేరేసరికి ఆరు కావడానికి పావుగంట తక్కువ. వార్డెను తాళంచెవి వేలికి తిప్పుతూ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఒక పరుపు విప్పించి పిడికిలితో గుద్ది చూశాడు, కూర్చొని చూశాడు, ఆపైన మా అందరి ఎదుటా దానిమీద పడుకొని కళ్లు మూసుకున్నాడు. అలా ఎంతసేపున్నాడో నేను గడియారం చూసుకోలేదు. లేచి, "నమూనా పరుపు వాపసు పంపెయ్" అని లోపలికి కేకేశాడు. పరుపులవ్వ మెట్టుమీద కూర్చుంది. రోజంతా ఆమె కూర్చోవడం చూడలేదని నాకప్పుడే తట్టింది. చిన్నకోడలు ఏడ్చింది, పెద్దకోడలు ఆమెను తిట్టింది, ఆ తర్వాత తానూ ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో కోడళ్లిద్దరూ ఖాళీ తొట్టిలో కూర్చున్నారు. క్యాబినులో డ్రైవరు పక్కన ఆమె, ఆమె పక్కన నేను. క్షమించమని అడగడానికి వాక్యం కూర్చుకుంటున్నాను (నిబంధనలూ మినహాయింపులూ కలిసిన పొడుగాటి వాక్యం). ఆమె ముందే అడిగింది.

"రూముల దేనిమీద పండుకుంటవ్?"

"చాపమీద."

"దూది మిగిలింది. నీకొకటి కుడ్త."

"నా ఎత్తు ఐదడుగుల..." అని మొదలుపెట్టాను. ఆమె చేత్తో వద్దని, తలనుంచి పాదాలదాకా నన్ను ఒకసారి చూసి, "సాలు, తెలిసింది" అంది.

వారం తిరగకముందే పరుపు వచ్చింది. ఆ ఉద్యోగంలోనూ, తర్వాత మిర్యాలగూడలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగంలోనూ దానిమీదే పడుకున్నాను. దాన్ని ఎన్నడూ కొలవలేదని రాస్తే ఈ జ్ఞాపకానికి అందంగా ఉంటుంది. కాని అది అబద్ధం. తెచ్చిన రోజే తలుపు వేసుకొని కొలిచాను. నా ఎత్తుకు రెండంగుళాలు తక్కువ. సూర్యాపేట బజారులో ఆమె కనిపించినప్పుడల్లా "పరుపు సరిపోయిందా బిడ్డా" అని అడిగేది. అన్ని ఏళ్లలోనూ నేను సరిచూసి, తప్పని తేల్చుకొని, పైకి చెప్పకుండా ఊరుకున్న లెక్క అదొక్కటే. "సరిగ్గా సరిపోయిందవ్వా" అని, చలికాలమంతా కాళ్లు ముడుచుకొని పడుకునేవాణ్ణి.